అటక మీది ఎలుకగూడు

పోయిన నెల మా వంటింట్లో ఎలుక చేరింది. హన్మకొండలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. పైపు పట్టుకొని ఎక్కిందో, ఉల్లిగడ్డల సంచిలో కూర్చొని లిఫ్టులోనే వచ్చిందో తెలియదు. మా కోడలు ఫోనులో ఏదో నొక్కితే మరునాడు పొద్దున్నే నీలం చొక్కా తొడుక్కున్న ఒకాయన వచ్చాడు. సింకు కింద జిగురు పూసిన అట్ట పెట్టి, దానికి ఫోటో తీసి, నా చేత ఫోను మీద వేలితో సంతకం చేయించుకొని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఎలుక కోసం సంతకం పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి. కోడలు ఆఫీసుకు పోయాక, అతను చెప్పినట్టే సింకు కింది అరలోని పాత పేపర్లన్నీ తీసి అవతల పెట్టసాగాను. అన్నిటికంటే అడుగున, గోడ మూలకు, కాగితాన్ని సన్నగా తురిమి కుప్ప చేసి ఉంది. చేటలోకి ఎత్తి చెత్తబుట్టలో పోయాల్సినదాన్ని, అక్కడే చతికిలబడి ఒక్కొక్క ముక్కా విప్పి చూస్తూ కూర్చున్నాను. సగం తెగిన వార్తలు, ముక్కూ చెవీ లేని ఎవరిదో ఫోటో. మోకాళ్లు నొప్పి పుట్టేదాకా చూశాను. వాటిలో నాకు కావలసింది ఏమీ ఉండదని తెలుసు. కానీ ఒకప్పుడు అట్లా వెతికిన చెయ్యి కదా, ఊరుకోలేదు.

అది నా పెళ్లయిన ఏడు. ప్రత్యేక తెలంగాణ కావాలని బడిపిల్లలు రోడ్ల మీదికి వచ్చిన అరవై తొమ్మిది. మా పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర, అత్తగారిల్లు తరిగొప్పుల దగ్గరి పల్లె. మగపెళ్లివారి బస్సు జనగామ దాటుతుంటే పిల్లలు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారట. లోపల పెళ్లికొడుకు ఉన్నాడని పెద్దవాళ్లు బతిమాలితే, "అయితే పెండ్లిపిలగాన్ని దిగి జై తెలంగాణ అనుమనుండ్రి" అన్నారట. మా ఆయన పసుపు బట్టలతో దిగి, ఆ మాట అని, మళ్లీ ఎక్కారు. మెత్తటి మనిషి. నలుగురిలో గొంతు పెగిలేది కాదు. "నా పెండ్లిల నేను గట్టిగ మాట్లాడింది గదొక్కటే" అని చాలా ఏళ్లు చెప్పుకొని నవ్వేవారు.

నేను కాపురానికి పోయేసరికి ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు: అత్తమ్మ, మా ఆయన, ఆయన చెల్లెలు. మామగారు పోయి అప్పటికి రెండేళ్లు. ఆడబిడ్డ నాకంటే ఏడాది పెద్దదే అయినా వరసకు చిన్న కాబట్టి నన్ను వదినె అనేది. జనగామలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంది, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసింది. మా చుట్టాల్లో అంత చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొని, ఇంటర్వ్యూకు రమ్మని వచ్చే కాగితం కోసం ఎదురుచూస్తోంది. నేనేమో ఐదో తరగతితో ఆపేసినదాన్ని. ఆ సంగతి తెలిసిన నాడే నా ముందు పలక పెట్టి, "ఏడ ఆపితివో ఆడికెల్లి షురూ చేద్దం వదినె" అంది. మధ్యాహ్నం పనులయ్యాక కొత్త కోడలు తలమీద కొంగు సర్దుకుంటూ ఎక్కాలు రాయడం చూసి, "కోడలు వస్తదనుకుంటే ఇంట్లకు బడి వచ్చె" అని అత్తమ్మ సణిగేది. సణగడమే తప్ప వద్దనలేదు. పైగా నేను తప్పు రాసినప్పుడు అర్థమైనట్టు తల అడ్డంగా ఊపేది.

ఇక ఎలుకలు. రెండడుగుల మందం మట్టిగోడలు, పైన పెంకు, వెనుక వైపు కిటికీ లేని చీకటి అర్ర. ఆ అర్రలో వెదురుతో అల్లి పేడమట్టి మెత్తిన గుమ్ములు రెండు, ఒకదాని నిండా వడ్లు, ఒకదాని నిండా జొన్నలు. వాటి పైన కర్రలు పరిచిన అటక, అటక మీద పాత గంపలు, దూది బయటికొచ్చిన బొంతలు, ఎప్పటిదో విరిగిన నాగలి. కింద తిండి, పైన పడక. ఎలుకలకు అంతకంటే మంచి ఇల్లు ఎవరు కట్టించి ఇస్తారు? ఎన్ని తరాల నుంచి ఉంటున్నాయో గానీ, మమ్మల్ని చూస్తే పరుగెత్తేవి కూడా కావు. కొత్తగా వచ్చినదాన్ని కాబట్టి నేనే వాటిని చూసి పరుగెత్తేదాన్ని.

యుద్ధం మొదలయింది మా అమ్మ పంపిన సకినాలతో. సారెతో పాటు వచ్చిన వాటిని అత్తమ్మ కుండలో పెట్టి ఉట్టి మీద ఉంచింది. వారం తర్వాత చుట్టాలొస్తే దింపి చూస్తే పైన రెండు వరసలు బాగానే ఉన్నాయి, కిందదంతా పొడి. కొన్నిటికి లోపలి చుట్టు తినేసి బయటి చుట్టు మాత్రం వదిలిపెట్టి ఉంది. అత్తమ్మ కుండలోకి చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఏమనుకుందో నాకు అర్థమైంది. అదృష్టం కొద్దీ మరునాడే నా పెళ్లిచీరల్లో నీలం పట్టుచీర అంచు కొరికేసి కనిపించింది. చీర పోయిందని ఏడవాల్సింది పోయి, నా మీది అనుమానం పోయిందని సంబరపడ్డాను. అత్తమ్మ కొంగు నడుముకు చుట్టి, "ఇగ ఊకుంటే నడువది. ఇయ్యాల చీర కొరికినయి, రేపు మనల్ని కొరుకుతయి" అంది.

ముందు పక్కింటి నుంచి పిల్లిని తెచ్చాం. అది పాలగిన్నెకు కాపలా కాసింది తప్ప అర్ర వైపు తొంగి చూడలేదు. ఒకసారి ఎలుక దాని ఎదురుగా పోతుంటే పెద్దమనిషికి తోవ ఇచ్చినట్టు కాళ్లు దగ్గరికి తీసుకుంది. తర్వాత జనగామ నుంచి కర్రబోను వచ్చింది. ఎండుచేప కాల్చి పెడితే రోజుకొకటి పడేది. పడినదాన్ని ఏం చేయాలన్నది అసలు చిక్కు. చంపడానికి మా ఆయనకు చెయ్యి రాదు. బోను సైకిలుకు తగిలించుకొని చెరువు అవతల మా మెట్ట చెలక దాకా పోయి, విడిచిపెట్టి వచ్చేవారు. "నువ్వు తిరిగొచ్చే లోపట అది అడ్డతొవ్వల ఇల్లు జేరుతది రా" అనేది అత్తమ్మ. ఒకనాడు తోక సగం తెగిన ఎలుక పడింది. దాన్ని వదిలి వచ్చిన నాలుగోనాడు బోనులో మళ్లీ తోక సగం తెగిన ఎలుకే కూర్చొని ఉంది. అదీ ఇదీ ఒకటి కాదని ఆయన వాదన. ఆడబిడ్డ నవ్వాపుకోలేక, "అన్నా, ఈపారి మెడకు దారం కట్టి ఇడువు, గుర్తుపడదం" అంది. ఆయన కూడా నవ్వారు. అన్నాచెల్లెళ్లు అట్లా ఉండేవాళ్లు. ఆమెను చిన్నప్పటి నుంచి సైకిలు మీద జనగామలో దింపి వచ్చిందీ, సెలవులకు తీసుకొచ్చిందీ ఆయనే.

మందు పెట్టమని ఎవరో సలహా ఇస్తే అత్తమ్మ ఒప్పుకోలేదు. కోళ్లు తింటాయి, లేగదూడ నాకుతుంది. ఆమె పద్ధతి వేరు. పగిలిన గాజులు దంచి మట్టిలో కలిపి కన్నాలకు కూరడం. ఇల్లంతా తిరిగి నేనూ ఆడబిడ్డా కూరేవాళ్లం. ఒకటి మూస్తే జానెడు దూరంలో ఇంకొకటి తెరుచుకునేది. ఆ ఎండాకాలంలో మా ఇద్దరి గోళ్లలో మట్టి ఎప్పుడూ పోలేదు. మట్టి పిసుకుతూ ఆమె నాకు ఇంగ్లీషు అక్షరాలు చెప్పేది, నేను ఆమెకు మా ఊరి పాటలు పాడి వినిపించేదాన్ని. కన్నం మూసి పైన చదును చేశాక, చూపుడువేలితో ఒక అక్షరం రాయమనేది. మా ఇంటి గోడల నిండా ఏ బీ సీ డీలు అట్లా వచ్చాయి.

టపా మనిషి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఆమె ఆ రెండు రోజులూ వాకిట్లోనే ఏదో పని పెట్టుకునేది. అతను సైకిలు దిగకుండానే "మీకేం లేదమ్మా" అని పోయేవాడు. ఎండలు ముదిరేకొద్దీ గొడవలూ ముదిరాయి. బస్సులు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు లేవు. బళ్లు మూసేశారు. జనగామలో లాఠీలు ఆడాయనీ, పట్నంలో కాల్పులయ్యాయనీ కబుర్లు వచ్చేవి. కొన్ని నిజం, కొన్ని నోట పెరిగినవి. "గీ లొల్లిల టపా ఏడ నడుస్తది చెల్లె" అనేవారు మా ఆయన, ఆమె అడిగినప్పుడల్లా. ఆమె తలూపేది. నాకూ అది సబబుగానే తోచింది. నడవనివి చాలానే ఉన్నాయి కదా, అందులో ఇదొకటి అనుకున్నాను. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆయన అటక మీది నుంచి నిచ్చెన దిగుతూ నాకు ఎదురుపడ్డారు. ఏం వెతుకుతున్నారంటే కొడవలి అన్నారు. కొడవలి తలుపు పక్కన మేకుకే వేలాడుతోంది. చూపించాను. "అవునవును" అని తీసుకొని పోయారు. కొత్త పెళ్లికొడుకు పరధ్యానం అనుకొని లోలోపల నవ్వుకున్నాను.

వానలు పడ్డాయి. చెలకల్లో ఉన్న ఎలుకలు కూడా మా ఇంటికే వచ్చాయి. జొన్నల గుమ్మి అడుగున చెయ్యి పట్టేంత రంధ్రం చూసి అత్తమ్మ ఒకరోజు పొద్దున, వాన తెరిపి ఇవ్వగానే, "ఇయ్యాల అర్ర మొత్తం ఇప్పుదం. ఏడ పుడుతున్నయో సూద్దం" అంది. మా ఆయన నాట్లకు పోయారు. ఆడబిడ్డ మట్టి తేవడానికి గంప పట్టుకొని వెళ్లింది. నేను నిచ్చెన వేసుకొని అటక ఎక్కాను. మూలకున్న పాత గంప కదిలిస్తే లోపల కిచకిచలు. బొంతల దూది, వడ్ల పొట్టు, నా నీలం పట్టుచీర పోగులు, కాగితపు తురుము, అన్నీ కలిపి గిన్నెలాగా మెత్తగా అల్లి ఉంది గూడు. మధ్యలో కళ్లు తెరవని పిల్లలు అయిదో ఆరో, బొటనవేలంత. అంతవరకు ఎలుక అంటే పరుగెత్తినదాన్ని, వాటిని చూసి మాత్రం కదల్లేదు. నా చీర అక్కడ అంత పనికొచ్చిందా అనిపించింది.

చీర పోగులు ఏరబోతే చేతికి దళసరి గోధుమరంగు కాగితం ముక్క తగిలింది. కవరుది. దాని మీద తెలుగులో, సిరాతో, "కుమారి" అని ఉంది. తర్వాత తెగిపోయింది. ఆ ఇంట్లో కుమారి ఒక్కతే.

మిగతా ముక్కలు ఏరాను. ఊరి పేరు సగం ఉన్నది ఒకటి, గుండ్రటి ముద్ర ఉన్నది ఒకటి. తల ఎత్తి చూస్తే, దూలం గోడలోకి దిగే చోట సందులో అదే రంగు కాగితం అంచు. లాగాను. అంచులన్నీ కొరికేసిన కవరు, లోపల టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితం. ఎలుక దాన్ని అక్కడిదాకా మోసుకొచ్చి దూలం సందులో భద్రంగా దోపి పెట్టదు. అప్పుడు నాకు కొడవలి గుర్తొచ్చింది.

"ఏమన్న దొరికిందా పిల్లా?" అని కింది నుంచి అత్తమ్మ అడిగింది. "పిల్లలు పెట్టింది అత్తమ్మా" అన్నాను. గంప కిందికి అందించాను. పొద్దున్నుంచి అన్నిటినీ మట్టు పెడతానని తిట్టిపోస్తున్న ఆ మనిషి, గంపలోకి వంగి చూసింది. "బాలింత ఇంటిని ఎట్ల కూల్చుత" అని గంపను అట్లాగే పట్టుకుపోయి పెరట్లో గడ్డివాము అంచున, వాన తగలని చోట పెట్టి వచ్చింది.

కాగితాలు నా కొంగున ఉన్నాయి. పొయ్యి మండుతూనే ఉంది. అందులో వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నాకు ఆ ఇంట్లో అయిదు నెలలు కూడా నిండలేదు. ఎవరితో బతకాలో ఆ మనిషి చేసిన పని అది. ఎవరు నా చెయ్యి పట్టుకొని అక్షరాలు దిద్దించిందో ఆ మనిషికి జరిగిన అన్యాయం అది. ఆడబిడ్డ మట్టి గంప దించి, నా మొహం చూసి, "ఎలుక కరిసిందా వదినె?" అంది. లేదన్నాను. ఆ పూట ఆమె పక్కన కూర్చొని మట్టి పిసుకుతూ నేను ఒక్క అక్షరం కూడా సరిగా రాయలేదు.

మా ఆయన అన్నానికి వచ్చి, తిని, పశువుల కొట్టం వైపు పోతే వెనకాలే వెళ్లాను. కొంగు విప్పి చూపించాను. ఆయన చూశారు. ఎద్దు మెడ మీద పెట్టిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"నేనే పెట్టిన" అన్నారు.

"ఎందుకు?"

"తరిగొప్పుల టపాఖానల నా చేతికే ఇచ్చిండ్రు. ఆనాడే జనగామల లాఠీలు ఆడినయి. నా కండ్లతోటి చూసిన. అసొంటి దాంట్లకు చెల్లెను వరంగల్ దాకా ఎట్ల తీస్కపోవాలె? ఇంట్ల జెప్తే పోత అంటది, ఆగది. రెండొద్దులు ఆగి చెప్దమనుకున్న." ఎద్దు పలుపు సర్దారు. "రెండొద్దులు దాటినంక చెప్పే మొకం లేకపాయె. చింపుదమంటే చెయ్యి రాలే."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్నది గట్టిగా మాట్లాడటం రాని మనిషి, తలవంచుకొని ఎద్దు మెడ నిమురుతున్నాడు. నా పెళ్లయ్యాక ఆయనతో నేను సూటిగా అన్న మొదటి మాట అప్పుడే అన్నాను. "మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?"

ఆయనే చెప్పారు. అప్పటికప్పుడే ఇంట్లోకి వచ్చి, అర్ర ముందు మట్టిచేతులతో కూర్చున్న చెల్లెలి ఎదుట నిలబడి, కొట్టంలో నాతో అన్నదే మళ్లీ అన్నారు. ఆమె వింది. ఏడవలేదు, అరవలేదు. చేతులు కడుక్కొని వచ్చి, చేట బోర్లించి దాని మీద ముక్కలన్నీ పేర్చింది. ఇంగ్లీషు వరసలు ఒకదానికొకటి అతికించుకుంటూ, పెదవులు కదుపుతూ చదివింది. ఇంటర్వ్యూకు రమ్మన్నదే. ఎక్కడికి రావాలో ఉంది, ఏయే కాగితాలు తేవాలో ఉంది. చాలాసేపు అటూ ఇటూ జరిపి చూసి, "తారీఖు లేదు" అంది. తారీఖు ఉన్న మూలను ఎలుకలు తినేశాయి. ఆమె నిచ్చెన ఎక్కింది. నేనూ ఎక్కాను. అటకంతా వెతికాం, గడ్డివాము దగ్గరి గూడు కూడా వెతికాం. దొరకలేదు. మా ఆయనకు తారీఖు గుర్తుందేమోనని నేను మెల్లగా అడిగితే, పైన వరంగల్ ఆఫీసు ముద్ర చూసి పోల్చుకున్నారే గానీ, కవరు విప్పనే లేదట. విప్పితే చదవాల్సి వస్తుందని.

అత్తమ్మకు చదువు రాదు. ఆ ముక్కలను చూస్తూ గుమ్మానికి ఆనుకొని నిలబడింది. చివరకు కొడుకు వైపు తిరిగింది. "ఎలుకకు తెల్వదు రా అది ఏం కాయితమో. నీకు తెలుసు గద." అంతే అంది. ఆయనకు ఆ జన్మలో పడిన దెబ్బ అదొక్కటే అనుకుంటాను.

మరునాడు బస్సు ఉందన్నారు. ఆడబిడ్డ ముక్కలన్నీ గంజితో ఒక పాత అట్ట మీద అతికించింది. వదినె వస్తేనే పోతానంది. జనగామ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. ఆమె కిటికీ పక్కన, నేను మధ్యన, ఆయన చివర. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు చాలాసేపు ఆగిపోయింది. కూతవేటు దూరంలో మా పుట్టిల్లు. దిగి పరుగెత్తి అమ్మ ఒడిలో తల పెట్టుకోవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. 

ఆఫీసులో ఒక పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి ఆ అట్టను తిప్పి తిప్పి చూశాడు. "గిదేందమ్మా, ఎలుకలు తిన్నయా?" అన్నాడు. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు.  ఆమె అన్న వైపు చూడలేదు. "ఎలుకలే తిన్నయి సార్" అంది.

పెద్దాయన నవ్వాడు. "నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. గప్పటి ఇంటర్వ్యూలు జరగనే లేదు. సమ్మెల మేమే రాకపోతిమి, మిమ్ముల ఎవరు అడుగుతరు? మళ్ల కార్డులు పంపుతున్నం" అని, పేరు చూసి, వచ్చే నెలలో రమ్మని కొత్త తేదీ రాసి ఇచ్చాడు. ఆ చిన్న కాగితాన్ని ఆమె రెండు చేతులతో పట్టుకుంది. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చొని అప్పుడు ఏడ్చింది. మా ఆయన సోడా తెచ్చి ఇవ్వబోతే తీసుకోలేదు. నా చేతికిస్తే, నా చేతి నుంచి తీసుకొని తాగింది. ఆ ఎడమొహం అక్కడ మొదలయింది.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. ములుగు దాటి ఘనపూర్‌లో. మా పుట్టింటి వైపు ఘన్‌పూర్‌కు రైలుంది, ఆమె ఘనపూర్‌కు అడవి ఉంది. పేరు ఒకటే కావడంతో నేను రాసిన ఉత్తరాలు రెండు మా అమ్మావాళ్ల ఊరు చుట్టి వచ్చాయి. ఆమె ఉత్తరాల్లో అందరి క్షేమం అడిగేది, ఎద్దుల క్షేమం కూడా. అన్న ఊసు మాత్రం ఉండేది కాదు. సెలవులకు వచ్చేది, బతుకమ్మ పేర్చేది, అన్నకు అన్నం వడ్డించేది, ఆయనతో మాత్రం నేరుగా మాట్లాడేది కాదు. మా పెద్దవాడు పుట్టాక వాడు మధ్యవర్తి అయ్యాడు. "మీ బాపును అన్నానికి లెవ్వుమను" అని వాడితో చెప్పేది. వాడికి ఇంకా మాటలు రాలేదు. వాడు చెప్పకుండానే ఆయన లేచి వచ్చేవారు. ఇద్దరిలో ఎవరూ నవ్వేవారు కాదు, నేనే పక్కకు తిరిగి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. అట్లా మూడేళ్లు గడిచాయి. నేను ఒకటి రెండుసార్లు కదిపి చూశాను. "అన్న మీద కోపం కాదు వదినె. ఎండకాలమంత వాకిట్ల కూసున్న గద, అది యాదికొస్తది" అంది. 

మూడో ఏడు ఆమె రాసిన ఉత్తరం ఒకటి ఎలుకల గురించే. అద్దెకున్న గది పక్కన ఒక దుకాణం వాళ్లు గింజలు నిల్వ చేసుకుంటారట. గోడకు ఆ వైపు వాటికి భోజనం, ఈ వైపు నిద్ర. పిల్లల పరీక్ష కాగితాలు దిద్దడానికి తెచ్చుకుంటే లెక్కలవి సగం తిన్నాయట. పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చింది, తెలుగు మాత్రం ముట్టలేదు అని సరదాగానే రాసింది. నేను చదివి వినిపిస్తుంటే మా ఆయన మంచం నవారు బిగిస్తున్నారు. చెయ్యి ఆపి, "ఏదిక్కు గోడ?" అన్నారు. నాకేం తెలుసన్నాను. మళ్లీ నవారు అందుకున్నారు. మరునాడు పొద్దున చూస్తే సంచిలో తాపీ, దంచిన గాజుపెంకులు, సున్నం మూట. "పోయొద్దం రా, పిలగాన్ని కూడ ఎత్తుకో" అన్నారు.

మూడు బస్సులు మారి పోయేసరికి ఆమె బడిలో ఉంది. ఇంటామెను అడిగి తాళంచెవి తీసుకున్నాం. చిన్న గది. ఒక గూట్లో పుస్తకాలు, ఒక గూట్లో గిన్నెలు. ఆయన చొక్కా విప్పి, కుండలో నీళ్లు తెచ్చుకొని, గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్క కన్నం వేలితో తడిమి చూసుకుంటూ పని మొదలుపెట్టారు. అత్తమ్మ పద్ధతే. లోపల గాజుపెంకులు, మీద మట్టి, పైన సున్నం. నేను సాయం చేస్తానంటే వద్దన్నారు. సాయంత్రం బడి వదిలాక ఆమె వచ్చింది. చేతిలో గొడుగు, చీర కుచ్చిళ్ల మీద సుద్ద. గుమ్మంలో నన్నూ పిల్లవాణ్ణీ చూసి నవ్వింది. తర్వాత లోపల, మోచేతుల దాకా మట్టితో, గోడ వైపు తిరిగి ఉన్న అన్నను చూసింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆమె గొడుగు మూలకు ఆనించి, చెప్పులు విడిచి, చాలాసేపు నిలబడింది. పిల్లవాడు ఆమె చీర పట్టుకొని లాగుతున్నా చూసుకోలేదు.

"అన్నా" అంది. "గా తలుపు ఎన్క ఇంకోటి ఉన్నది."

ఆయన చెయ్యి ఆగింది. "చూసిన చెల్లె" అన్నారు గోడతోనే. "గది రేపు చేస్త."

ఆ రేపు కాస్తా వారమైంది. కన్నాలయ్యాక పెంకు సర్దారు, తలుపు గడియ బిగించారు, గూటికి చెక్క తలుపు చేయించి పెట్టారు. ఇంటామె చూసి తన ఇంట్లో కూడా రెండు కన్నాలు ఉన్నాయంది, అవీ పూడ్చారు. నాట్లకు వేళవుతోందని నేను గుర్తుచేస్తే వినిపించుకోలేదు. బయల్దేరిన రోజు ఆమె బస్సు దాకా వచ్చింది. అన్నాచెల్లెళ్లు ఎరువుల గురించి మాట్లాడుకున్నారు. పాత సంగతి ఎత్తలేదు, ఆ రోజే కాదు, తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె తనతో పనిచేసే మాస్టారునే పెళ్లి చేసుకుంది. ఎనభైల్లో ఇద్దరికీ మహబూబాబాద్ బదిలీ అయింది. అక్కడికి మేము తరచుగా పోయేవాళ్లం. ఒకసారి ఆమె ఇంటి వెనుక చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. మా ఆయన, మాస్టారు ముందు గదిలో రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. మెత్తటి మనిషి కాస్తా ఆ ఇంట్లో గొంతు పెంచి వాదించేవారు. ఆ గొంతు వినిపిస్తుంటే, చాలా ఏళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. "నీ కోపం ఎప్పుడు పోయింది? మీ అన్న గోడలు పూడ్చిన నాడేనా?"

ఆమె గింజ తీసి పక్కన వేసి ఆలోచించింది. "ఆనాడు మాట్లాడిన గని, కోపం పోలే వదినె. ఇంకా శాన దినాలు ఉండె. ఎప్పుడు పోయిందో తెల్వది. ఓనాడు చూసుకుంటే లేదు."

అప్పటికి నాకు నలభై కూడా రాలేదు, ఆ మాట విని తేలికగానే తలూపాను. ఆయన పోయి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఆమెతో ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ వాళ్లన్న మాటే ఎక్కువ దొర్లుతుంది, నవ్వుతూనే చెప్పుకుంటాం. ఆమె సోడా వద్దన్న ఆ మెట్లు, ఎన్నో మెట్టు మీద కూర్చుందో అదీ, నాకు గుర్తే. కోపం పోయిన రోజు మాత్రం, ఆ ఏళ్లన్నీ కళ్లు తెరుచుకొని బతికిన మా ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు.